వంతు మారినా ఆగని నీరు: ఉమ్మడి కంప్యూటరులో పరికరాల కాపలా

ఎడ్మంటన్ నగరంలో జనవరి మాసపు సాయంకాలం. బయట ఉష్ణోగ్రత సున్నాకు ముప్ఫై డిగ్రీలు దిగువన ఉన్నది. నాలుగున్నర గంటలకే చీకటి ముసిరినది. అట్టి వేళ ఒక తెలుగువారి ఇంటి బేస్‌మెంటులో ఇంటిల్లిపాదికీ ఉమ్మడిగా ఉన్న కంప్యూటరును ఊహించుకొనవచ్చును. ఇంటి యజమాని తన పేరుతో లాగిన్ అయి, స్వదేశంలో అప్పుడే తెల్లవారి నిద్ర లేచిన తన తల్లితో ముఖాముఖి మాట్లాడినాడు. మాటలు ముగిసిన పిదప, ఆ సంభాషణకు వాడిన ప్రోగ్రామును మూయకుండానే, యూజరును మార్చే మీటను నొక్కి లేచిపోయినాడు. అదే కుర్చీలో కుమార్తె కూర్చున్నది. తన పేరుతో లాగిన్ అయి, స్నేహితురాలితో తన మనసులోని మాటలేవో చెప్పుకొనసాగినది.

తండ్రి సెషన్ తెర వెనుకకు పోయినది, ముగిసిపోలేదు. అందులోని ప్రోగ్రాములు ఇంకా నడుస్తూనే ఉన్నవి. ఇప్పుడు ఆ బల్ల మీది మైక్రోఫోను ఎవరిది? కెమెరా ఎవరిది? తండ్రికి కుమార్తె మాటలు వినవలెనన్న ఉద్దేశం ఎంతమాత్రం లేకపోవచ్చును. కాని ఆయన తెరచి ఉంచిన ప్రోగ్రాము వినగలదా, లేదా? ఈ ప్రశ్నకు సమాధానం ఆయన మంచితనం మీద ఆధారపడరాదు. యంత్రం లోపలి కట్టుబాటు మీద ఆధారపడవలెను. ఆ కట్టుబాటు ఏమిటో, దానిని సాధించడానికి ఎన్ని దశాబ్దాలు పట్టినదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నీరడి నేర్పిన పాఠం

ఈ సమస్య తెలుగువారికి కొత్తది కాదు. చెరువు ఒకటే, దాని కింద మడులు అనేకం. తూము తలుపు ఎత్తే అధికారం ఏ రైతుకూ లేదు. తెలంగాణ పల్లెలలో అది నీరడి పని. గోదావరి, కృష్ణా కాలువల మీద లస్కరు పని. రైతులందరూ తలకొక తీరున తూము ఎత్తితే చెరువు ఒక్క వారంలో ఖాళీ అవుతుంది. చివరి మడికి చుక్క కూడా చేరదు. అందుచేత వంతులు ఏర్పడినవి. ఎవరి వంతు వచ్చినప్పుడు వారు తమ పొలానికి మడవ తీసుకొంటారు. వంతు కాగానే కట్టివేస్తారు.

ఇందులో ఒక చిన్న మెలిక ఉన్నది. రాత్రి పన్నెండు గంటలకు రామయ్య వంతు ముగిసి సోమయ్య వంతు మొదలైనదని పెద్దమనుషులు నిర్ణయించవచ్చును. కాని రామయ్య మడవ తెరచి ఉన్నంతసేపు నీరు రామయ్య పొలంలోకే పారుతూ ఉంటుంది. నీటికి వంతులు తెలియవు. పేరు మార్చడం వేరు, మడవ కట్టడం వేరు. మొదటిది నోటిమాటతో అయ్యే పని; రెండవదానికి చీకట్లో పారపట్టి గట్టు మీదికి పోవలెను.

కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఉమ్మడి యంత్రంలో పరికరాలను పంచడానికి చేసిన సుదీర్ఘ ప్రయత్నమంతా ఈ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని తగ్గించడానికే అని చెప్పవచ్చును.

ఎడ్మంటన్‌లో 1971

ఎడ్మంటన్‌లోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం 1971లో మిషిగన్ టెర్మినల్ సిస్టం అనే ఆపరేటింగ్ సిస్టంను స్వీకరించినది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1960వ దశకం ద్వితీయార్ధంలో పుట్టిన ఈ వ్యవస్థను కెనడా, అమెరికా, ఇంగ్లండు దేశాలలోని ఎనిమిది విశ్వవిద్యాలయాలు కలిసి పెంచి పోషించినవి. మొదట ఐబీఎం సంస్థ 360 శ్రేణిలోని 67వ నమూనా మీద, తరువాత ఆమ్డాల్ సంస్థ యంత్రాల మీద ఇది ఎడ్మంటన్‌లో 1994 వరకు పనిచేసినది. అప్పట్లో ఒక్క యంత్రమే విశ్వవిద్యాలయానికంతకూ చెరువు. రసాయనశాస్త్ర విద్యార్థి అణు నిర్మాణాన్ని లెక్కగట్టినా, అర్థశాస్త్ర ఆచార్యుడు గణాంకాలను కూర్చినా, అందరూ అక్కడికే చేరవలెను.

ఆ యంత్రం నిర్మాణంలోనే నీరడి ఉన్నాడు. 360 శ్రేణి ప్రాసెసరు రెండు స్థితులలో పనిచేస్తుంది. ఒకటి పర్యవేక్షక స్థితి. రెండవది సామాన్య ప్రోగ్రాములు నడిచే స్థితి. టేపును తిప్పమనీ, డిస్కును చదవమనీ పరికరాలకు నేరుగా ఆజ్ఞ ఇచ్చే ఆదేశాలు మొదటి స్థితిలోనే చెల్లుతాయి. సామాన్య ప్రోగ్రాము అట్టి ఆదేశాన్ని జారీ చేయబోతే ప్రాసెసరే అడ్డుకొని పర్యవేక్షక ప్రోగ్రాముకు కబురు పంపుతుంది. అనగా తూము తలుపు మీద రైతు చేయి పడే అవకాశమే లేదు. నేటి కంప్యూటర్లలోనూ, జేబులోని ఫోనులోనూ ఈ విభజన ఇదే రూపంలో కొనసాగుతున్నది. ఆ పర్యవేక్షక ప్రోగ్రామునే నేడు కెర్నెల్ అంటున్నారు.

నీరడి ఉన్న తరువాత పంపకం ఎట్లా? మూడు మార్గాలు ఆనాడే స్థిరపడినవి.

మొదటిది కాలాన్ని ముక్కలు చేయడం. ప్రాసెసరును ఒక్కొక్క యూజరుకు లిప్తకాలం ఇచ్చి తిరిగి తీసుకొంటారు. మార్పు ఎంత వేగంగా జరుగుతుందంటే ప్రతి ఒక్కరికీ యంత్రం తనదేనన్న భ్రాంతి కలుగుతుంది.

రెండవది వరుసలో నిలబెట్టడం. ప్రింటరును ఏ యూజరూ నేరుగా తాకడు. తన కాగితాలను డిస్కు మీది క్యూలో ఉంచి వెళ్ళిపోతాడు. వ్యవస్థ ఒకదాని తరువాత ఒకటిగా అచ్చు వేస్తుంది. ఇద్దరి పంక్తులు ఒకే కాగితం మీద కలిసిపోయే ప్రమాదం ఉండదు.

మూడవది ఒకరికే పూర్తిగా అప్పగించడం. అయస్కాంత టేపును సగం సగం పంచుకోవడం సాధ్యం కాదు. మిషిగన్ వ్యవస్థలో యూజరు మౌంట్ అనే ఆదేశాన్ని టైపు చేస్తే, యంత్రాల గదిలోని ఆపరేటరు ఆ టేపు చుట్టను తెచ్చి డ్రైవులో ఎక్కించేవాడు. రిలీజ్ అని చెప్పేవరకో, సైన్ ఆఫ్ అయ్యేవరకో ఆ డ్రైవు ఆ సెషన్‌దే. సెషన్ ముగియగానే వ్యవస్థ తనంతట తానే డ్రైవును విడిపించి మరొకరికి సిద్ధం చేసేది.

ఆ రోజులలో ఒక సౌకర్యం ఉన్నది. టెర్మినలు ముందు కూర్చున్న మనిషి ఒకడే, అతని సెషన్ ఒకటే. మనిషి లేచిపోతే సెషన్ కూడా ముగిసేది. పైగా ఆ పరికరాలకు చెవులు లేవు, కళ్ళు లేవు. ఈ రెండు షరతులూ తరువాత తారుమారైనవి.

చెవులు మొలిచిన యంత్రం

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు యూనిక్స్ వ్యవస్థకు రూపకల్పన ఆరంభించినారు. వారి ఆలోచనలలో ఒకటి ఎంతో సరళమైనది: ప్రతి పరికరమూ ఒక ఫైలు వలె కనబడవలెను. డిస్కు ఒక ఫైలు, టెర్మినలు ఒక ఫైలు, టేపు ఒక ఫైలు. ఫైలుకు ఒక యజమాని, ఒక బృందం, ఆపై తక్కినవారు. ఈ మూడు వర్గాలలో ఎవరు చదవవచ్చునో, ఎవరు వ్రాయవచ్చునో నిర్ణయించే అనుమతులను ఆ ఫైలు మీదనే గుర్తిస్తారు. ఉత్తరాలకు పనికివచ్చే కాపలా పద్ధతే పరికరాలకూ పనికివచ్చినది.

1980, 90 దశకాలలో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారి వర్క్‌స్టేషన్లు ప్రయోగశాలల బల్లల మీదికి వచ్చినవి. వాటిలో కొన్నింటికి మైక్రోఫోను కూడా అమరినది. యూనిక్స్ సంప్రదాయం ప్రకారం ఆ మైక్రోఫోను కూడా ఒక ఫైలే. దానిని తెరచి చదివితే గదిలోని శబ్దం సంఖ్యల రూపంలో వస్తుంది. అయితే కర్మాగారం నుండి వచ్చిన అమరికలో ఆ ఫైలును ఎవరైనా చదవవచ్చునని అనుమతి ఉన్నది! ఆ యంత్రం నెట్‌వర్క్‌కు కూడా కలిపి ఉన్నది. కనుక బల్ల ముందు కూర్చున్నవాడే కానక్కరలేదు. ఆ యంత్రంలో ఖాతా ఉన్న వ్యక్తి ఎక్కడి నుండి లాగిన్ అయినా, ఆ గదిలో జరిగే సంభాషణను చాటుగా వినగలడు. 1993 అక్టోబరులో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని సెర్ట్ సమన్వయ కేంద్రం ఈ విషయమై బహిరంగ హెచ్చరిక జారీ చేసినది.

ఇక్కడ సాంకేతికంగా ఏదీ చెడిపోలేదు. ఏ ప్రోగ్రాములోనూ తప్పు లేదు. కాపలా నియమమే తప్పుగా వ్రాయబడినది. లాగిన్ అయిన వారందరూ సమానులే అన్న పాత ఊహ, చెవులు మొలిచిన యంత్రానికి సరిపడలేదు.

విరుగుడుగా ఒక పట్టిక పుట్టినది. యంత్రం ముందు స్వయంగా కూర్చుండి లాగిన్ అయిన వ్యక్తికి ఆ క్షణాన కీబోర్డు, తెర, మైక్రోఫోనుల యాజమాన్యం బదిలీ అవుతుంది. లాగౌట్ కాగానే అది తిరిగి వ్యవస్థకు చేరుతుంది. దూరం నుండి వచ్చినవారికి ఆ హక్కు లేదు. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ వ్యవస్థలో చాలాకాలం మరొక పద్ధతి కూడా నడిచినది. ఆడియో అనే బృందంలో పేరు చేర్చితే శబ్ద పరికరం, వీడియో బృందంలో చేర్చితే కెమెరా దక్కేవి. కాని బృంద సభ్యత్వం మనిషిని నీడవలె అనుసరిస్తుంది. ఇంట్లో కూర్చున్నా ఉంటుంది, కాల్గరీ నుండి లాగిన్ అయినా ఉంటుంది. ఆ విధంగా సన్ యంత్రాల నాటి చిక్కు మరొక ద్వారం గుండా తిరిగి వచ్చినది.

అనుమతి మనిషికా, కుర్చీకా?

2001లో విండోస్ ఎక్స్‌పీ, 2003లో మ్యాక్ ఓఎస్ టెన్ 10.3 కూర్పు ఇళ్ళలోని సామాన్యులకు ఒక కొత్త సదుపాయాన్ని పరిచయం చేసినవి. ఒకరు లాగౌట్ కాకుండానే మరొకరు లాగిన్ కావచ్చును. పనులు ఎక్కడివక్కడే నిలిచి ఉంటాయి. కుటుంబాలకు ఇది వరప్రసాదమే. కాని టెర్మినలు కాలపు సౌకర్యం దీనితో పోయినది. మనిషి లేచిపోయినా సెషన్ ముగియదు. పై పట్టిక పద్ధతికి లాగిన్, లాగౌట్ అనే రెండు సంఘటనలే తెలుసు. ఈ నడిమి స్థితి తెలియదు.

దీనిని ఎదుర్కొనడానికి లినక్స్ రూపకర్తలు రెండు భావనలను స్పష్టంగా విడదీసినారు. మొదటిది సెషన్: లాగిన్ మొదలు లాగౌట్ వరకు ఒక వ్యక్తి పని. రెండవది సీటు: ఒక మనిషి కూర్చుండి వాడుకొనే తెర, కీబోర్డు, మౌస్, శబ్ద పరికరాల సమూహం. ఒక సీటుకు ఎన్ని సెషన్లయినా ఉండవచ్చును. కాని ఒక్క క్షణంలో చైతన్యవంతమైన సెషన్ ఒక్కటే. పరికరాల మీద హక్కు ఆ ఒక్క సెషన్‌దే. 2007లో వెలువడిన ఫెడోరా 7వ కూర్పులో కన్సోల్‌కిట్ అనే ప్రోగ్రాము ఈ లెక్కను చూసేది. 2011 నుండి సిస్టమ్‌డీలో భాగమైన లాగిన్‌డీ క్రమంగా ఆ బాధ్యతను స్వీకరించినది.

ఇది పనిచేసే తీరు చెప్పుకోదగినది. పరికరపు ఫైలుకు శాశ్వత యజమాని వ్యవస్థయే. దానికి అనుబంధంగా ఒక చిన్న జాబితా ఉంటుంది. తండ్రి సెషన్ ముందున్నప్పుడు ఆ జాబితాలో తండ్రి పేరు ఉంటుంది. కుమార్తె సెషన్ ముందుకు రాగానే తండ్రి పేరు కొట్టివేసి కుమార్తె పేరు వ్రాస్తారు. మళ్ళీ మార్చితే మళ్ళీ వ్రాస్తారు. అనుమతి మనిషికి కాక కుర్చీకి చెందినది. కుర్చీలో ఎవరున్నారో వారికి ఆ కొద్దిసేపు అరువు దొరుకుతుంది.

ఇంతటితో సమస్య తీరినదని అనిపించవచ్చును. కాని రామయ్య మడవ ఇంకా తెరచియే ఉన్నది.

మడవ కట్టే పని

యూనిక్స్ సంతతికి చెందిన వ్యవస్థలన్నింటిలో ఒక మౌలిక లక్షణం ఉన్నది. అనుమతిని పరీక్షించేది ఫైలును తెరిచేటప్పుడు మాత్రమే. తెరిచిన తరువాత కెర్నెల్ ఆ ప్రోగ్రాముకు ఒక సంఖ్యను ఇస్తుంది. ఆపైన చదవడం, వ్రాయడం ఆ సంఖ్యతోనే జరుగుతుంది. చదివిన ప్రతిసారీ అనుమతి మళ్ళీ అడగరు. వేగం కోసం ఇది అవసరమే. కాని పర్యవసానం ఏమిటి? తండ్రి ప్రోగ్రాము మైక్రోఫోనును ముందే తెరచి ఉంచితే, జాబితాలో తండ్రి పేరు కొట్టివేసిన తరువాత కూడా ఆ సంఖ్య చెల్లుతూనే ఉంటుంది. జాబితా కొత్తగా వచ్చేవారిని ఆపుతుంది; లోపల ఉన్నవారిని బయటకు పంపదు.

రసాయనశాస్త్ర ప్రయోగశాలలలో దీనికి చక్కని పోలిక దొరుకుతుంది. ఆల్బర్టా విశ్వవిద్యాలయానికి 1961లో వచ్చిన ఆచార్య రేమండ్ లెమ్యూ చక్కెర అణువుల ఆకృతిని తెలుసుకొనడానికి కేంద్రక అయస్కాంత అనునాద పద్ధతిని ప్రయోగించినవారిలో అగ్రగణ్యుడు. అట్టి వర్ణపటమాపకం ఖరీదైనది. శాఖకంతకూ ఒకటో రెండో ఉంటాయి. కనుక తలుపు దగ్గర ఒక రిజిస్టరు ఉంటుంది. మూడు గంటల నుండి నాలుగు వరకు ఫలానా విద్యార్థి అని అందులో వ్రాస్తారు. నాలుగు గంటలకు రెండవ విద్యార్థి వచ్చేసరికి మొదటివాని గాజు గొట్టం అయస్కాంతంలోనే ఉంటే ఏమవుతుంది? రిజిస్టరులో పేరు ఎవరిదైనా, యంత్రం గీసే వర్ణపటం లోపలి గొట్టంలోని పదార్థానిదే. కనుక ప్రతి విద్యార్థికీ మొదట నేర్పేది రిజిస్టరులో సంతకం చేయడం కాదు. లోపలిది బయటకు తీయడం.

కంప్యూటరులో ఆ లోపలిది బయటకు తీయడాన్ని రివోక్ అంటారు. 1990లో వెలువడిన బర్క్‌లీ యూనిక్స్ రెనో కూర్పులో ఈ పేరుతోనే ఒక ఆదేశం వచ్చినది. అది ఒక పరికరం మీద తెరచి ఉన్న సంఖ్యలన్నింటినీ ఒక్క వేటుతో నిరర్థకం చేస్తుంది. లినక్స్‌లో అన్ని పరికరాలకూ వర్తించే అట్టి సార్వత్రిక ఆదేశం ఏర్పడలేదు. బదులుగా పరికరం వెంట పరికరానికి వేర్వేరు ఏర్పాట్లు జరిగినవి. 2013లో వచ్చిన లినక్స్ 3.12 కెర్నెల్‌లో కీబోర్డు, మౌస్ వంటి పరికరాలకు ప్రత్యేకించి రివోక్ సౌకర్యం చేరినది. అదే సంవత్సరం లాగిన్‌డీ ఒక మధ్యవర్తి పాత్రను స్వీకరించినది. తెరను నడిపే ప్రోగ్రాము ఇప్పుడు కీబోర్డును స్వయంగా తెరవనక్కరలేదు. లాగిన్‌డీ తెరచి ఆ సంఖ్యను అరువు ఇస్తుంది. సెషన్ వెనుకకు పోగానే దానిని చెల్లకుండా చేస్తుంది. దీనివలన వెనుక ఉన్న సెషన్, ముందున్నవారు టైపు చేసే రహస్య పదాన్ని కీబోర్డు నుండి చదువలేదు.

శబ్దం విషయంలో పద్ధతి కొంత మెతకది. శబ్దాన్ని నడిపే ప్రోగ్రాము జాబితాలోని మార్పును గమనించి, తన యజమాని పేరు పోగానే పరికరాన్ని తానే మూసివేస్తుంది. అనగా ఇది మర్యాదస్థుడైన రైతు తన మడవను తానే కట్టుకొనడం వంటిది. మర్యాదలేని ప్రోగ్రాము ఏదైనా నేరుగా పరికరాన్ని తెరచి పట్టుకొంటే, పేరు కొట్టివేయడం ఒక్కటే దానిని ఆపలేదు. కెమెరా విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరమే.

యంత్రం ఒకటి, పిల్లలు పదిమంది

ఇంతవరకు ఒక కుర్చీలో ఒకరి తరువాత ఒకరు కూర్చున్న సందర్భం చూడడమైనది. ఒకే యంత్రానికి ఒకేసారి పది కుర్చీలు వేస్తే ఏమవుతుంది? ఇది ఊహ కాదు, తెలుగునాట జరిగినదే.

2008లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5,000 ప్రభుత్వ పాఠశాలలలో కంప్యూటరు విద్య కోసం ఎన్‌కంప్యూటింగ్ అనే అమెరికా సంస్థ పరికరాలను ఎంపిక చేసినది. మొత్తం 50,000 సీట్లు. ప్రయోజనం పొందే విద్యార్థులు 18 లక్షల మంది అని నాడు ప్రకటించినారు. పాఠశాలకు పది సీట్లన్న మాట. ప్రతి సీటుకూ ఒక పూర్తి కంప్యూటరును కొనలేదు. ఒక్క కంప్యూటరులో ప్రత్యేకమైన కార్డును అమర్చి, దాని నుండి తీగలు లాగి, అరచేతిలో ఇమిడే చిన్న పెట్టెలకు కలిపినారు. ప్రతి పెట్టెకూ ఒక తెర, ఒక కీబోర్డు, ఒక మౌస్. లోపల నడిచే యంత్రం ఒక్కటే, సెషన్లు అనేకం. ఆ పెట్టె విద్యుత్తును కూడా అత్యల్పంగా వాడుకొంటుంది. కరెంటు కోతలు ఎరిగిన పల్లె పాఠశాలకు అది సామాన్య విషయం కాదు.

ఎడ్మంటన్‌కు దక్షిణాన సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని కాల్గరీ నగరానికి చెందిన యూజ్‌ఫుల్ అనే సంస్థ కూడా ఇదే మార్గంలో నడిచినది. లినక్స్ ఆధారంగా ఒక్క కంప్యూటరును పదిమంది వరకు వాడుకొనే ప్రోగ్రామును తయారు చేసినది. 2009లో బ్రెజిల్ దేశపు పాఠశాలలలో 3,50,000కు పైగా సీట్ల ఏర్పాటుకు తమ ప్రోగ్రాము ఎంపికైనట్లు ప్రకటించినది. 2012లో ఫెడోరా 17వ కూర్పుతో ఇట్టి బహుసీట్ల ఏర్పాటు ఉచిత లినక్స్‌లోనే అంతర్భాగమైనది. తగిన యూఎస్‌బీ పెట్టెను తగిలించగానే వ్యవస్థ దానిని కొత్త సీటుగా గుర్తించి, ఆ తెర మీద లాగిన్ ఫలకాన్ని చూపగలదు.

ఇట్టి చోట సీటు అనే భావన ఎంత అవసరమో స్పష్టమవుతుంది. యంత్రానికి పది కీబోర్డులు తగిలి ఉంటే, కెర్నెల్ దృష్టిలో అవన్నీ ఒకే యంత్రపు కీబోర్డులే. మూడవ బల్ల ముందున్న పాప అక్షరం నొక్కితే అది మూడవ తెర మీదనే పడవలెను. ఏడవ బల్ల దగ్గర ఒక బాలుడు పెన్ డ్రైవ్ పెడితే, అందులోని ఫైళ్ళు అతనికే కనబడవలెను. పరికరం ఏ రంధ్రానికి తగిలినదో, ఆ రంధ్రం ఏ సీటుదో, ఆ సీటులో ప్రస్తుతం ఏ సెషన్ నడుస్తున్నదో వరుసగా తెలిస్తేనే ఇది సాధ్యం. ఏ ఒక్క లంకె తెగినా, ఒకరి వ్రాత మరొకరి కంట పడుతుంది. పేద పిల్లలకు చౌకగా దొరికిన కంప్యూటరు, వారి వ్రాతలకు కాపలా లేని కంప్యూటరు కారాదు గదా.

జేబులోనూ, విశ్వవిద్యాలయంలోనూ

నేడు ఇంటిలో తలకొక ఫోను ఉన్నది. ఇక ఉమ్మడి యంత్రం సమస్య ఎక్కడిది అని పాఠకులు అడుగవచ్చును. విచిత్రమేమంటే ఫోనులో ఈ సమస్య మరింత చిక్కబడినది. ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నది లినక్స్ కెర్నెలే. అందులో ప్రతి ఆప్‌నూ ఒక ప్రత్యేక యూజరుగా పరిగణిస్తారు. మనిషి ఒక్కడే, కాని కెర్నెల్ లెక్కలో ఆ జేబులో పదుల సంఖ్యలో అపరిచిత యూజర్లు కాపురం ఉంటున్నారు. అందరికీ మైక్రోఫోను ఒకటే, కెమెరాలు అవే. అందుచేత పాత నియమాలన్నీ మళ్ళీ అవసరమైనవి. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9వ కూర్పు తెర వెనుక ఉన్న ఆప్‌లకు మైక్రోఫోను, కెమెరా అందకుండా కట్టడి చేసినది. 2020లో ఐఫోను, 2021లో ఆండ్రాయిడ్ 12 ఈ పరికరాలు పనిచేస్తున్నప్పుడు తెర మీద చిన్న చుక్కను లేదా గుర్తును చూపసాగినవి. మడవ తెరచి ఉన్నదని రైతుకు దీపం పెట్టి చూపినట్లే.

మరొక కొసన మహాయంత్రాలు ఉన్నవి. కృత్రిమ మేధ పరిశోధనకై ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో ఇటీవల నెలకొన్న కంప్యూటర్ల సముదాయానికి దక్షిణ ఆల్బర్టాలోని ఒక ఊరి పేరు మీద వల్కన్ అని నామకరణం చేసినారు. అట్టి సముదాయాలలో విలువైన పరికరం మైక్రోఫోను కాదు, గ్రాఫిక్స్ ప్రాసెసరు. పరిశోధకుడు తనకు కావలసిన ప్రాసెసర్ల సంఖ్యను, కాలాన్ని తెలిపి క్యూలో నిలుస్తాడు. ఇట్టి చోట్ల వంతు రాగానే అతని పని చుట్టూ కెర్నెల్ ఒక కంచె కట్టగలదు. 2008లో లినక్స్‌లో చేరిన సీగ్రూపులు అనే సౌకర్యమే ఈ కంచెకు ఆధారం. పక్కనున్న ప్రాసెసర్లు ఆ కంచె లోపలి ప్రోగ్రాముకు అందవు. గడువు తీరగానే ప్రోగ్రాములను నిలిపివేసి, ప్రాసెసర్లను మరొకరికి ఇస్తారు. 1971లో టేపు డ్రైవు కోసం పాటించిన నియమానికీ దీనికీ స్వరూపంలో భేదమున్నది గాని, స్వభావంలో లేదు.

ఇంటింటికీ అవసరమైన జాగ్రత్తలు

ఈ చరిత్ర నుండి ప్రవాస కుటుంబాలు గ్రహించదగిన ఆచరణీయ విషయాలు కొన్ని ఉన్నవి.

ఉమ్మడి కంప్యూటరులో ఇంటివారందరికీ ఒకే ఖాతా ఉండరాదు. ఒకే పేరుతో అందరూ ప్రవేశిస్తే, ఎవరి నుండి ఎవరిని కాపాడవలెనో వ్యవస్థకు తెలియదు. పిల్లలకు, పెద్దలకు వేర్వేరు ఖాతాలు తెరవవలెను; ప్రోగ్రాములను స్థాపించే సర్వాధికారం ఒక్క ఖాతాకే ఉండవలెను. నిత్యం వాడే ఖాతా అది కాకుంటే మరీ మంచిది.

మాటలు ముగిసిన పిదప సంభాషణ ప్రోగ్రామును పూర్తిగా మూసివేయవలెను. కుర్చీని మరొకరికి అప్పగించేటప్పుడు యూజరును మార్చడం కంటె లాగౌట్ కావడమే శ్రేయస్కరం. మొదటిది పేరు మార్చడం. రెండవది మడవ కట్టడం. పౌర గ్రంథాలయాలలోని కంప్యూటర్ల దగ్గర ఇది ఐచ్ఛికం కాదు, తప్పనిసరి. ఎడ్మంటన్ నడిబొడ్డున 2020లో పునఃప్రారంభమైన స్టాన్లీ మిల్నర్ గ్రంథాలయంలో కూర్చున్నా, హైదరాబాదులో ఒక ఇంటర్నెట్ కేంద్రంలో కూర్చున్నా నియమం ఒక్కటే.

కెమెరాకు చిన్న మూత ఉంటే దానిని వాడవలెను. కెమెరా దీపం అకారణంగా వెలిగితే ఏ ప్రోగ్రాము దానిని తెరచినదో వెతకవలెను. ఫోనులో ఏ ఆప్‌కు మైక్రోఫోను అనుమతి ఉన్నదో ఆరు నెలలకు ఒకసారి పరిశీలించి, అవసరం లేనివాటిని తొలగించవలెను.

స్వదేశం నుండి వచ్చి కొన్ని నెలలు ఉండే తల్లిదండ్రులకు కూడా ఒక ఖాతా తెరచి ఇవ్వడం మరవరాదు. వారికి కంప్యూటరుతో పని తక్కువే కదా అని కొడుకు ఖాతాలోనే కూర్చోబెట్టడం పరిపాటి. కాని ఊరిలోని అక్కతోనో చెల్లెలితోనో వారు చెప్పుకొనే కష్టసుఖాలు కూడా వారివే. వాటికి కూడా ఒక తలుపు, ఆ తలుపుకు ఒక గడియ ఉండవలెను.

మొదట చెప్పిన బేస్‌మెంటులో ఆ తండ్రి లేచిపోయే ముందు చేయవలసిన పని అర నిమిషం పనే. ప్రోగ్రామును మూసి, లాగౌట్ అయి, కుర్చీని వెనుకకు జరిపి కుమార్తెను పిలువవచ్చును. అప్పుడు ఆ గదిలో పలికే మాటలు వినడానికి ఆయన పేరున తెరచి ఉన్న ప్రోగ్రాము ఏదీ మిగలదు.